జయంతి రోహు పిల్ల: రెండు పంటలు పట్టాక రాస్తున్న సమీక్ష

కొల్లేరు అంచున, కైకలూరు వైపు ఉన్న మా చెరువుల్లో వరుసగా రెండు పంటలు జయంతి రోహు పిల్లను పెంచి, రెండో పట్టుబడి కూడా ముగిసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం ఉంది. చేప పిల్ల ఇంటికి వచ్చిన రోజున దాని గురించి చెప్పగలిగేది ఆక్సిజన్ సంచుల్లో ఎన్ని చచ్చాయన్న సంగతి ఒక్కటే. అమ్మేవారు నాకు చెప్పినవి రెండు మాటలు: త్వరగా పెరుగుతుంది, జబ్బు పడదు. మొదటి మాట తేల్చుకోవడానికి ఒక పంట సరిపోతుంది. రెండో మాట తేలాలంటే చెరువులోకి జబ్బు రావాలి. మా చెరువుకు అది రెండో పంటలో, సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చింది.

నేను ఇక్కడ మెచ్చుకోబోయేది పిల్లను, తప్పుపట్టబోయేది దాన్ని అమ్మిన తీరును. హాచరీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే మాట చెప్పి ఇదే పిల్లను అమ్ముతున్నవారు ఒక్కరే కారు.

జయంతి అన్నది ఎవరో ఒక హాచరీవారు తమ సరుకుకు పెట్టుకున్న పేరు కాదు. భువనేశ్వర్ దగ్గర కౌశల్యగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధన సంస్థ, మనమంతా సీఫా అని పిలిచేది, 1992లో నార్వేకు చెందిన ఆక్వాఫోర్స్క్ సంస్థతో కలిసి రోహు మీద, అంటే మన శీలావతి మీద, తరాల తరబడి ఎంపిక చేసే పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల నుంచి తెచ్చిన చేపలను, సంస్థ చెరువుల్లో పెరిగిన చేపలతో కలిపి మూల సంతతిగా తీసుకున్నారు. ఒక్కొక్క తల్లీతండ్రీ జంట పిల్లలను విడివిడిగా పెంచి, గుర్తులు వేసి, ఏ కుటుంబం బాగా పెరిగిందో, ఆ కుటుంబంలో ఏ చేప బాగా పెరిగిందో చూసి, వాటినే తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా నిలిపారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సంవత్సరమైన 1997లో దీనికి జయంతి అని పేరు పెట్టారు. తరానికి సగటున సుమారు 17 శాతం చొప్పున పెరుగుదల మెరుగైందని సంస్థ చెబుతోంది. ఇందులో మరో జీవి జన్యువును తెచ్చి ఎక్కించడమేమీ లేదు. ఈ మాట ప్రత్యేకంగా రాయడానికి కారణం, మా దగ్గర చేప కొనే వ్యాపారి ఒకరు పేరు వినగానే ముఖం చిట్లించి, ఇదేదో ప్రయోగశాల చేపట కదండీ అన్నారు. మేలైన కోడెను ఎంచి ఊరి ఆంబోతుగా వదలడం ఎలాంటి ప్రయోగమో ఇదీ అలాంటిదేనని ఆయనకు చెప్పాను, కానీ నమ్మినట్టు కనిపించలేదు.

పెరుగుదల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అక్కడ తగవు లేదు. ఒకే మేత, ఒకే నీరు, ఒకే సాంద్రత ఉన్నప్పుడు జయంతి మా పాత పిల్ల కంటే ముందుగానే అమ్మకపు బరువుకు వచ్చింది. రెండు పంటల్లోనూ నాకు పట్టుబడి ఐదారు వారాలు ముందుకు జరిగింది, అన్ని వారాల తవుడు, చెక్క ఖర్చు మిగిలింది. పిల్లకు పెట్టిన అదనపు ధర అక్కడే తిరిగి వచ్చేసింది. చేపల మధ్య సైజు తేడా కూడా తక్కువ. మేత సంచుల దగ్గర పెద్ద చేప చిన్న చేపను తోసేయడం ఈ రకంలో నాకు అంతగా కనిపించలేదు.

ఇక జబ్బు సంగతి. హాచరీలో నాకు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "దీనికి ఎర్రమచ్చ రాదండి. ఇమ్యూనిటీ జన్యువులు ఎక్కించిన పిల్ల అండి ఇది." నేను మత్స్యశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాబట్టి రెండో వాక్యం తప్పని అప్పుడే తెలుసు. మొదటి వాక్యంలో మాత్రం కొంత నిజం ఉండవచ్చునని అనుకున్నాను. అందుకే రెండో పంటకు, పెద్ద చెరువులు కాకుండా, అరెకరం చెరువు ఒకదాన్ని విడిగా ఉంచి, అందులో ఐదు వందల జయంతి పిల్లలను ఎడమ పొట్ట రెక్క కత్తిరించి, అదే సైజు మామూలు శీలావతి పిల్లలను ఐదు వందలు కుడి రెక్క కత్తిరించి వదిలాను. రెక్కను మొదలంటా కత్తిరించకపోతే మళ్లీ మొలుస్తుంది. మొదటి యాభై పిల్లలను అలాగే పాడుచేసి, వాటిని పక్కన పెట్టి, మళ్లీ లెక్కపెట్టుకున్నాం. వరుసకు బాబాయి అయ్యే పక్క చెరువు రైతు గట్టు మీద కూర్చుని ఇదంతా చూసి, "చేపలకు చెవులు కుడుతున్నావేంటిరా" అని నవ్వాడు.

డిసెంబరు చివర్లో చేప పేను కనిపించింది. తడిసిన కందిపప్పు బద్దలా చర్మానికి అంటుకుని ఉండే ఈ పురుగు పొడిచిన ప్రతిచోటా చిన్న పుండు పడుతుంది, ఆ పుండు బాక్టీరియాకు తలుపు తీసినట్టే. జనవరిలో రాత్రి చలి పెరిగి, వరుసగా కొన్ని రోజులు మబ్బు పట్టి, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయింది. సంక్రాంతి అయిన వారానికి చేపలు గట్టు వారకు వచ్చి మందకొడిగా తిరగడం మొదలైంది. నమూనాలు పంపిన ప్రయోగశాల మూత్రపిండం నుంచి తీసిన బాక్టీరియాను పెంచి చూసి, ఏరోమోనాస్ హైడ్రోఫిలా అని చెప్పింది, అంటే హాచరీవారు రాదన్న ఎర్రమచ్చే. ఇది బయటి నుంచి వచ్చిపడే శత్రువు కాదు. మంచి చెరువులోనూ, మంచి చేప పేగుల్లోనూ ఎప్పుడూ ఉండేదే. చేప బలహీనపడినప్పుడు, చర్మం తెగినప్పుడు లోపలికి దిగి, ఎర్రరక్తకణాలకు చిల్లులు పొడిచే విషాలను వదులుతుంది.

రెండు చేపల గురించి ఇక్కడ వివరంగా చెప్పాలి. మొదటిది కుడి రెక్క లేనిది, అంటే మామూలు పిల్ల, ముప్పావు కిలో ఉంటుంది. పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుని, రెక్కల మొదళ్లలో నెత్తుటి చారలతో చచ్చి తేలింది. కోసి చూస్తే కడుపు నిండా ఎర్రటి నీరు, ప్లీహం నల్లబడి రెండింతలైంది, మూత్రపిండం వేలితో తాకితే చితికిపోయేంత మెత్తగా ఉంది. రెండోది ఎడమ రెక్క లేని జయంతి, అదే రోజు విసురు వలలో పడింది. దాని ఒంటి పక్క భాగంలో, పొడవునా సాగే గీతకు (పార్శ్వరేఖకు) కొంచెం కింద, రూపాయి బిళ్లంత పుండు ఉంది. పొలుసులు ఊడిపోయాయి, మధ్యలో కండ ఎర్రగా ఉంది, కానీ పుండు చుట్టూ తెల్లటి అంచు కట్టింది. అంచుకు అవతల చర్మం మామూలుగానే ఉంది. దాన్ని మళ్లీ నీళ్లలో వదిలి, తోక రెక్క కొసను కూడా చిన్నగా కత్తిరించి గుర్తు పెట్టుకున్నాను. మార్చిలో పట్టుబడి నాడు అది దొరికింది. పుండు ఉన్నచోట చిన్న చిన్న కొత్త పొలుసులు, వరుస తప్పి, అతుకు వేసిన బట్టలా మొలిచి ఉన్నాయి.

ఈ రెండు చేపల్లో ప్రవేశించిన బాక్టీరియా ఒక్కటే, చెరువు ఒక్కటే, చలి ఒక్కటే. తేడా లోపల ఎక్కడుందో తెలియాలంటే, రోగనిరోధకతను నడిపే జన్యువులు ఏంచేస్తాయో కొంత చెప్పుకోవాలి. అమ్మకందారు "ఇమ్యూనిటీ జన్యువులు" అన్నప్పుడు విన్నవారి మనసులో మెదిలేది, ఆ జన్యువులు ఎంత ఎక్కువ పనిచేస్తే చేప అంత గట్టిగా ఉంటుందని. అది సగమే నిజం.

చేప కణాల పైన, లోపల, టోల్ గ్రాహకాలు అనే కాపలాదారు ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆనవాలును పసిగడుతుంది. ఐదో నంబరు గ్రాహకం బాక్టీరియా ఈదడానికి వాడే కశాభం ప్రోటీన్‌ను గుర్తిస్తుంది, ఇరవై రెండో నంబరుదైతే చేపల్లో ఉంది కానీ మనుషుల్లో లేదు. ఆనవాలు దొరకగానే, కణంలో ఒక నిరోధక ప్రోటీన్ పట్టి ఉంచిన ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మీట విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సంకేత ప్రోటీన్ల జన్యువులను లేపుతుంది. తెల్లరక్తకణాలు పుండు దగ్గరకు పరుగెత్తుతాయి, బాక్టీరియాను మింగుతాయి, ఘాటైన రసాయనాలను కుమ్మరిస్తాయి. ఆ రసాయనాలకు తన మన భేదం లేదు. బాక్టీరియాతో పాటు చేప సొంత కండ కూడా కాలుతుంది. అందుకే మంట రాజేసే జన్యువులతో పాటే మంటను ఆర్పే జన్యువులు కూడా లేవాలి. ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా, సోక్స్ అనే నియంత్రక ప్రోటీన్ల కుటుంబం, ఇవన్నీ ఆ రెండో రకం. ఇవి ముందే లేస్తే బాక్టీరియాకు సందు దొరుకుతుంది. ఆలస్యంగా లేస్తే, లేదా సరిపడా లేవకపోతే, బాక్టీరియా చేసిన నష్టానికి తోడు చేప తన రక్తనాళాలను తనే దెబ్బతీసుకుంటుంది. చచ్చిన చేప కడుపులో కనిపించిన ఆ ఎర్రనీటిలో బాక్టీరియా విషాల పాలు ఎంత, చేప సొంత మంట పాలు ఎంత అన్నది కత్తితో కోసి చెప్పగలిగేది కాదు, కానీ రెండూ ఉంటాయి. పుండు చుట్టూ తెల్లటి అంచు కట్టుకున్న చేపలో మాత్రం మంట రాజేయడం, ఆర్పడం రెండూ సమయానికి జరిగి ఉండాలి.

కాబట్టి వ్యాధిని తట్టుకునే చేప అంటే ఎక్కువ రోగనిరోధక శక్తి ఉన్న చేప అని కాదు, ఆ శక్తి అదుపులో ఉన్న చేప అని అర్థం. బంగారు తీగ (కామన్ కార్ప్) చేపలో కోయి హెర్పిస్ వైరస్‌ను తట్టుకునే గుణానికి, ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువులో ఉండే చిన్న డీఎన్‌ఏ అక్షర భేదాలకు సంబంధం కనిపించిందని పరిశోధకులు ప్రచురించారు. మంటను ఆర్పే జన్యువు గెలుపోటములను నిర్ణయించడం మొదట వింతగా అనిపించవచ్చు. చెరువులో జబ్బుపడిన చేపలను కోసి చూసినవారికి అంత వింతగా అనిపించదు.

జయంతి విషయంలో సీఫావారు చేసిన పని నిజాయితీగా ఉంది. మొదట్లో ఎంపిక అంతా పెరుగుదల కోసమే. ఆ తర్వాతే ఏరోమోనాస్‌ను తట్టుకోవడాన్ని రెండో లక్షణంగా చేర్చారు. అది కొలిచే పద్ధతి కఠినమైనది. ఒక్కొక్క కుటుంబం నుంచి కొన్ని చేపలను తీసి, వాటి కడుపులోకి బాక్టీరియాను సూదితో ఎక్కించి, ఏ కుటుంబంలో ఎన్ని చచ్చాయో, ఎన్నో గంటకు చచ్చాయో లెక్క రాస్తారు. పరీక్షలో బతికినవాటిని కూడా తల్లిచేపలుగా వాడరు. వ్యాధి సోకని వాటి తోబుట్టువులు వేరే చెరువులో ఉంటాయి, ఎంపిక అయ్యేది అవే. ఇలా తట్టుకునే కుటుంబాల నుంచి ఒక వరుసను, తట్టుకోలేని కుటుంబాల నుంచి మరో వరుసను తీస్తే, ఒక్క తరంలోనే రెండింటి మధ్య బతికిన చేపల శాతంలో పెద్ద తేడా వచ్చింది. తట్టుకునే వరుస రక్తంలో సెరులోప్లాస్మిన్ వంటి ప్రోటీన్లు, తెల్లరక్తకణాలు బాక్టీరియాను కాల్చడానికి వాడే మైలోపెరాక్సిడేజ్ ఎంజైము చురుకుదనం ఎక్కువగా ఉన్నాయి. నార్వే శాస్త్రవేత్తలతో కలిసి రెండు వరుసల్లో ఏ జన్యువులు ఎంత లేస్తున్నాయో పోల్చి, రోహు జన్యుపటం గీసి, తట్టుకునే గుణంతో ముడిపడిన భాగాలను గుర్తించారు. తేలిందేమిటంటే, ఈ గుణాన్ని నడిపేది ఒక్క జన్యువు కాదు. ఇరవై ఐదు జతల క్రోమోజోముల మీద చెల్లాచెదురుగా ఉన్న అనేక భాగాలు తలా కొంచెం పాలు పంచుకుంటున్నాయి.

ఇక్కడే నార్వే సాల్మన్‌తో పోలిక పనికొస్తుంది, ఎందుకంటే మన దగ్గర "వ్యాధి నిరోధక చేప" అనే మాట వాడేవారి మనసులో ఉన్న నమూనా బహుశా అదే. సాల్మన్ పిల్లలను ఐపీఎన్ అనే వైరస్ కుప్పలుగా చంపేది. 2008 ప్రాంతంలో స్కాట్లండ్, నార్వే బృందాలు విడివిడిగా వెతికి, దాన్ని తట్టుకునే గుణంలో జన్యుపరంగా కనిపించే తేడాలో చాలా భాగం ఒకే ఒక్క క్రోమోజోములోని ఒకే చోట ఉందని కనుగొన్నాయి. 2015లో నార్వే బృందం అక్కడి కాడ్హెరిన్ జన్యువును వేలెత్తి చూపింది. కణాలను ఒకదానికొకటి అతికించే ఆ ప్రోటీన్‌నే వైరస్ లోపలికి వెళ్లడానికి పట్టుకొమ్మగా వాడుకుంటుందని ఆ బృందం చెప్పింది. ఒక చిన్న రెక్క ముక్క పరీక్షించి, మంచి రూపం ఉన్న తల్లిదండ్రుల గుడ్లనే రైతులకు అమ్మడం మొదలుపెట్టాక ఆ వ్యాధి నార్వేలో బాగా తగ్గిపోయింది. అక్కడ గెలుపు తలుపుకు గడియ పెట్టినంత సూటిగా వచ్చింది. అది వైరస్, ఒకే తలుపు. ఏరోమోనాస్‌కు తలుపులు లెక్కలేనన్ని. పుండు, మొప్ప, పేగు, ఎక్కడినుంచైనా దూరుతుంది. దాన్ని ఆపడానికి కావలసినవి గుర్తించడం, మంట రాజేయడం, ఆర్పడం, బాక్టీరియాకు ఇనుము అందకుండా దాచిపెట్టడం. ఒకరి మీద ఒకరు ఆధారపడిన ఇంతమంది పనివాళ్లలో ఒక్కడిని మెరుగుపరిచినంత మాత్రాన ఇల్లు నిలవదు. అందుకే తట్టుకునే, తట్టుకోలేని కుటుంబాల మధ్య తేడా ఒక్క తరంలో కనిపించినా, మొత్తం మందలో మెరుగుదల మెల్లగా, తరం తరం వస్తుంది. శీలావతి తల్లిచేప కావడానికే రెండేళ్లు పడుతుందని గుర్తుంచుకుంటే ఆ మెల్లగా అన్న మాట బరువు తెలుస్తుంది.

మా అరెకరం చెరువు లెక్కకు వస్తాను. జబ్బు నడిచిన నెలన్నరలో గట్టు దగ్గర ఏరిన చచ్చిన చేపల్లో ఎడమ రెక్క లేనివి, అంటే జయంతి, మూడో వంతుకు కొంచెం పైన. మిగిలినవి మామూలు పిల్ల. ఒక్క చెరువు, ఒక్క పంట, వెయ్యి చేపలు. దీన్ని పరిశోధన అనే ధైర్యం నాకు లేదు, కొంగలు, నీటికాకులు ఎత్తుకెళ్లినవి ఏ రెక్కవో ఎవరికి తెలుసు? అయినా తేడా ఉందని నేను నమ్ముతున్నాను. జబ్బు రాదన్న మాట అబద్ధమని కూడా అదే లెక్క చెబుతోంది.

పెద్ద చెరువుల్లో ఒకదానిలో, అంతా జయంతే ఉన్నచోట, నష్టం ఇంతకంటే ఎక్కువగా జరిగింది. కారణం నేనే. జనవరి మొదటి వారంలో వ్యాపారి తొందరపెట్టాడని సైజు చూపడానికి ఆ చెరువులో రెండుసార్లు వల లాగించాను. వల లాగినప్పుడు చేప ఒంట్లో కార్టిసాల్ ఎగబాకుతుంది, ఆ హార్మోన్ పైన చెప్పిన మంట రాజేసే జన్యువుల నోరు నొక్కుతుంది. ఆపై చలి. చేప ఒంటి వేడి నీటి వేడే. నీరు చల్లబడితే రోగనిరోధక కణాలు మందగిస్తాయి, యాంటీబాడీలు తయారుకావడానికి వారాలు ఎక్కువ పడుతుంది. ఎన్ని తరాలు ఎంపిక చేసిన చేపకైనా జన్యువులు ఇచ్చేది సామర్థ్యమే. ఆ జన్యువులు లేవాల్సిన వారంలోనే మనం వాటిని పడుకోబెడితే ఆ సామర్థ్యం చేప ఒంట్లో ఉండి కూడా ఉపయోగపడదు. ఆ చెరువులో మేత సగానికి తగ్గించి, రాత్రంతా ఏరేటర్లు తిప్పి, సున్నం చల్లి, పేనుకు మందు వేసిన తర్వాత పది పన్నెండు రోజులకు చావులు ఆగాయి. యాంటీబయాటిక్ వాడలేదు. మేత తినడం మానేసిన చేపకు మేతలో కలిపిన మందు ఎలా చేరుతుందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

పిల్లతో పాటు హాచరీవారు "ఇమ్యూనిటీ పొడి" అని కిలో సంచులు అంటగట్టారు, దాని గురించి కూడా రాయాలి. సంచి మీద రాసినదాన్ని బట్టి అది ఈస్ట్ నుంచి తీసిన బీటా గ్లూకాన్. ఆ పదార్థం పనికిమాలినది కాదు. ఈస్ట్ గోడలోని ఆ చక్కెర గొలుసును చేప కణాలు శిలీంధ్రం వచ్చిందేమోనని భ్రమపడి, ముందుగానే ఒళ్లు విరుచుకుని సిద్ధమవుతాయి. చలి మొదలయ్యే ముందు రెండు మూడు వారాలు ఇస్తే కొంత మేలు ఉండవచ్చు. కానీ నాకు చెప్పింది పంట మొత్తం ఇవ్వమని. రోజూ ఉత్తుత్తి గంట కొడుతుంటే కాపలావాడు నిజం గంటకు కూడా లేవడు, అదుపు చేసే జన్యువులు ఆ గంటకు అలవాటుపడతాయి. పైగా మన దగ్గర మేత పెట్టేది చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి తాడుకు వేలాడదీసే పద్ధతిలో. అందులో కలిపిన పొడి సగం నీటిపాలు, మిగిలిన సగం ముందు వచ్చిన ఆరోగ్యమైన చేప పాలు. అసలు అవసరమున్న నలిగిన చేప సంచి దగ్గరికే రాదు. ఈ పొడికి పెట్టిన డబ్బును నేను ఖర్చు కింద కాదు, జరిమానా కింద రాసుకున్నాను.

అన్నింటికంటే నాకు ఎక్కువ అభ్యంతరం ఉన్నది పిల్ల స్వచ్ఛత విషయంలో. మొదటి విడతలో వచ్చిన పిల్లల్లో కొన్ని పెరిగేకొద్దీ తల వెడల్పై, నోరు పైకి తిరిగి, బొచ్చె (కట్లా) పోలికలు చూపించాయి. ఒకే తొట్టిలో శీలావతిని, బొచ్చెను కలిపి గుడ్లు పెట్టించే అలవాటు మన హాచరీల్లో పాతదే, ఎవరికీ తెలియని రహస్యం కాదు. సంకర చేపకు జయంతి పేరు అంటించి అమ్మడం ఒక మోసం. రెండోది అంతగా కంటికి కనపడదు. నాలుగైదు జతల తల్లిచేపలను ఒకసారి తెచ్చుకుని, వాటి పిల్లలనే మళ్లీ తల్లులుగా నిలిపి, ఏళ్ల తరబడి అదే రక్తంతో నడిపించడం. పెరుగుదల కొన్నాళ్లు అలాగే కనిపించవచ్చు. కానీ లోలోపల రోగనిరోధకత దెబ్బతినవచ్చు. సూక్ష్మక్రిమి ముక్కలను పట్టి తెల్లరక్తకణాలకు చూపించే ఎంహెచ్‌సీ అనే జన్యువులు ఒక మందలో ఎన్ని రూపాల్లో ఉంటే అన్ని రకాల క్రిములను ఆ మంద పోల్చుకోగలదు. దగ్గరి రక్తంలో కలిపేకొద్దీ ఆ రూపాలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఐదు నదుల నుంచి చేపలను తెచ్చి కూర్చిన వైవిధ్యం ఒక హాచరీ గట్టు మీద మూడు నాలుగు తరాల్లో కరిగిపోగలదు. బయటికి పేరు జయంతే, రంగూ జయంతే.

వనామి రొయ్య పెంచినవారికి ఈ చిక్కు కొత్త కాదు. 2009లో ఆ రొయ్యకు అనుమతి వచ్చిన నాటి నుంచి ఎస్‌పీఎఫ్ అన్న మూడక్షరాలను జబ్బు పడనిది అని చదువుకుని నష్టపోయినవారు భీమవరం చుట్టూ ఎందరో ఉన్నారు. ఎస్‌పీఎఫ్ అంటే పేర్కొన్న కొన్ని క్రిములు లేకుండా పెంచినదని మాత్రమే, అవి ఎదురైతే తట్టుకుంటుందని కాదు. జయంతి విషయంలో కూడా, వృద్ధి కోసం ఎంపిక చేసినది అన్న మాటను జబ్బు పడనిది అన్న మాటగా మార్చి అమ్ముతున్నారు.

మార్కులు వేయమంటే పెరుగుదలకు ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఏరోమోనాస్‌ను తట్టుకోవడంలో పిల్లకు మూడు, అదీ వల లాగకుండా, చలికి ముందే పేను సంగతి చూసుకున్న చెరువులో. హాచరీ చెప్పిన మాటకు ఒకటి. పొడికి ఏమీ లేదు. కొత్తగా చెరువు తవ్వినవారు, అప్పు మీద మేత కొనేవారు ఇది తీసుకోవచ్చు, త్వరగా పట్టుబడికి వస్తుంది కాబట్టి వడ్డీ భారం తగ్గుతుంది. ప్రతి శీతాకాలం ఎర్రమచ్చతో నష్టపోతున్నవారు మాత్రం పిల్ల మార్చినంత మాత్రాన సమస్య పోతుందనుకుని తీసుకోవద్దు. కొనేముందు తల్లిచేపలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏ సంవత్సరం తెచ్చారు, బొచ్చెకు తొట్టి వేరుగా ఉందా అని అడగండి. చివరిది అడగడమే కాదు, వెళ్లి చూడండి. విజయవాడ పక్కన పెనమలూరులో సీఫా ప్రాంతీయ కేంద్రం ఉంది, అసలు జయంతి తల్లిచేపలు ఎవరికి ఇచ్చారన్న ప్రశ్న అడగవలసింది అక్కడ.

మూడో పంటకు కూడా నేను జయంతే తీసుకుంటున్నాను, కానీ వేరే హాచరీ దగ్గర. తల్లిచేపల మూలం, తెచ్చిన సంవత్సరం బిల్లు మీద రాసి సంతకం పెడితేనే బయానా ఇస్తానన్నాను. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదండి" అన్నారు. మూడు రోజుల తర్వాత ఫోను చేసి రాసిస్తామన్నారు. బిల్లు వచ్చింది, సంవత్సరం నాలుగేళ్ల కిందటిది. పిల్ల ఆషాఢంలో వస్తుంది. ఈసారి కత్తెర నేనే పట్టుకుంటానని బాబాయి అన్నాడు.